ఖాళీ నమూనా

ఉప్పు ఆరు పాయింట్ ఏడు గ్రాములు,
సోడా రెండు,
కాల్షియం క్లోరైడు గోటి మీద నిలిచేంత.
లీటరు నీళ్ళలో వేసి తిప్పితే
కన్నీళ్ళు.

రెసిఫేలో, మూడో అంతస్తులో,
కిటికీ కింద కపిబరీబి నది బురదరంగులో పోతుంటే
ప్రతి సోమవారం పొద్దున్నే కలుపుతాను.
సీసా మీద తేదీ వేస్తాను. నెలలోగా వాడాలని రాస్తాను.
"మొసలి కన్నీటికి కూడా గడువుంటుందా దల్వనీరా?"
ఎరివాల్దో ప్రతి సోమవారమూ అడుగుతాడు,
ప్రతి సోమవారమూ తనే నవ్వుకుంటాడు.

మేం కొలిచేది బూజుని చంపే మందు.
చెరకు ఆకుకి అంచంతా రంపమే.
కోతల్లో వంగిన మనిషి నల్లగుడ్డు మీద
వెంట్రుకంత గీత గీసిపోతుంది.
ఆ గీతలో బూజు విత్తనం పడుతుంది,
మూడోవారానికి కంట్లో తెల్లగా మొలకేస్తుంది.

జురాండీర్ మామకి అలాగే.
ముందు తేనె పోశారు, తర్వాత ఏదో ఆకు పసరు.
మిల్లు బండి వచ్చేసరికి
ఎడమ కన్ను పాలముంతలా ఉంది.
నా ఉద్యోగం ఏమిటో చెప్తే
కత్తి నూరుకుంటూ విన్నాడు, చాలాసేపు.
"పోయిన కంట్లోంచి ఇప్పటికీ నీళ్ళు కారతాయే అమ్మాయ్,
వాటినీ కొలుస్తారా?"

జానెడు స్టీలు గొట్టం.
లోపల పిండికన్నా మెత్తని రేణువులు కిక్కిరిసి ఉంటాయి.
పంపు వెనకనుంచి తోస్తుంటే
ఉప్పు ఎక్కడా ఆగదు,
కొట్టానికి పరిగెత్తే గొడ్డులా ముందే బయటపడుతుంది.
మందు మాత్రం సంతకొచ్చిన మనిషి.
ఈ కొట్టు దగ్గర కాసేపు, ఆ కొట్టు దగ్గర కాసేపు,
తచ్చాడి తచ్చాడి
ఐదు నిమిషాల నలభై సెకన్లకి గుమ్మం దాటుతుంది.
తెర మీద గీత లేస్తుంది, దిగుతుంది.
ఆ గుడారం కింద ఎంత నేలుందో
కంట్లో అంత మందు.

డాక్టర్ ఇవోనెచి కాగితాలు తిరగేసి అంది:
"కలిపినవి సరే. అసలువి కూడా ఒకసారి పెట్టండి,
మందు పడని ఖాళీ నమూనా."

ఎరివాల్దో తన జట్టు ఓడిన ఫైనల్ తలుచుకున్నాడు.
కళ్ళెర్రబడ్డాయి, అంతే.
నేను గాజుగొట్టం రెప్ప కింద పెట్టుకుని
ఫ్రిజ్ మోటారు చప్పుడు వింటూ కూర్చున్నాను. రాలేదు.

నేల తుడుస్తున్న జెనూరియా అడిగింది:
"ఎంత కావాలి?"
ఇరవై మైక్రోలీటర్లు.
"అంటే?"
చుక్కలో సగం.
సమ్మతి పత్రం చదివింది. పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది.
తుడుపుకర్ర గోడకి ఆనించి
నది వైపు తిరిగింది.
ఎక్కువసేపు పట్టలేదు.
తర్వాత బకెట్ తీసుకుని
మెట్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

పేరు రాయకూడదు. నాలుగో వ్యక్తి, ఖాళీ నమూనా.
ఖాళీ అని రాయడానికి కాసేపు చెయ్యాడలేదు.
రాశాను.

ఐదు నలభై దగ్గర గీత చదునుగా పోయింది.
అదే కావాలి మాకు.
కానీ మూడు నిమిషాల పది సెకన్ల దగ్గర
ఒక చిన్న గుబ్బ.
నా లీటరులో ఏనాడూ లేనిది.
ప్రొటీన్లా? ముందే తీసేశాం.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడే లేచింది.
మా దగ్గరున్న పట్టికలో దానికి పేరు లేదు.

"మందుకి అడ్డొచ్చిందా?" అంది డాక్టర్.
లేదు.
"మరింకేం."
నివేదికలో రాశాను: అంతరాయం లేదు.
అది నిజమే.

సోమవారం.
ఉప్పు ఆరు పాయింట్ ఏడు.
తక్కెడ తలుపు మూసి, అంకె నిలబడేదాకా ఊపిరి బిగబట్టాను.
సోడా రెండు.
కలిపాక, ఎవరూ చూడకుండా,
ప్రయోగశాలలో చెయ్యకూడని పని చేశాను:
వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను.

ఉప్పగానే ఉంది.
కాస్త సోడా ఎక్కువైనట్టుంది.